అరుదు వేరు, ఖరీదు వేరు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే లేచి, గంటంబావు కారు నడుపుకుంటూ, ఇక్కడ న్యూజెర్సీలో ఒక హోటల్ హాల్లో జరిగే కార్డ్ షోకి వెళ్ళాను. జేబులో మడతపెట్టిన చీటీ, అందులో పదకొండు కార్డుల పేర్లు. అన్నీ 1920ల నాటి బేస్‌బాల్ కార్డులు. అవేవో లక్షలు పలికేవి అనుకునేరు, కాదు. ఒక్కోదాని ధర, మేం నలుగురం ఒక పూట బయటికెళ్ళి తింటే అయ్యే బిల్లు దాటదు.

హాల్లో రెండొందల దాకా బల్లలున్నాయి. నాలుగ్గంటలు తిరిగాను. పదకొండింటిలో ఎన్ని దొరికాయో తెలుసా? సున్నా. అదే హాల్లో ఏ బల్ల దగ్గర ఆగినా, 'అత్యంత అరుదైనది' అని చీటీ అంటించిన కార్డులు మాత్రం గాజుపెట్టెల్లో వరసగా పేర్చి ఉన్నాయి. కారు ఖరీదు పెట్టగలిగితే అక్కడికక్కడే కొనుక్కుని ఇంటికెళ్ళిపోవచ్చు.

చివరికి ఒక ముసలి వ్యాపారికి నా చీటీ చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, నవ్వేశాడు. "ఇలాంటివి అడిగే మనిషిని చూసి ఐదేళ్ళయింది. ఇవి తెచ్చి పెడితే నాకు బల్ల అద్దె కూడా గిట్టదు" అన్నాడు.

తిరిగొస్తుంటే దారంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. డబ్బు పారేస్తే పదినిమిషాల్లో దొరికేది అరుదైనది ఎలా అవుతుంది? డబ్బు చేత్తో పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగినా దొరకనిదాన్ని ఏమనాలి? ఈ టపా ఆ సంగతి గురించే. క్రికెట్ తప్ప ఇంకో ఆట మొహం ఎరగనివాళ్ళు కూడా నిరభ్యంతరంగా చదవొచ్చు. చివర్లో మన గుంటూరు బడ్డీకొట్టు దాకా వస్తాను, హామీ.

ముందు కాస్త నేపథ్యం. నేను అమెరికా వచ్చింది 2000లో. మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు. మెయిన్‌ఫ్రేముల కాలం మనిషి, రిటైర్మెంటుకి నాలుగేళ్ళ దూరంలో ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర జేబులోంచి ఒక చిన్న రేకు డబ్బా తీసి, అందులోంచి ఒక అట్టముక్క నా ముందు పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. మీద ఎవరో ఆటగాడి బొమ్మ, రంగులు గీత దాటి బయటికి పోయాయి. నాలుగు అంచులూ నాలుగు రకాలుగా, వంకర టింకరగా ఉన్నాయి.

"ఇదేంటి, మీ మనవడు కత్తిరించాడా?" అనడిగాను.

"కాదు. 1920లో ఎవరి మనవడో కత్తిరించాడు" అన్నాడు.

అలా పట్టుకుంది నాకీ పిచ్చి.

వాటిని స్ట్రిప్ కార్డులంటారు. 1920ల్లో అమెరికాలో మిఠాయి కొట్లలో ఇలాంటివి పొడుగాటి అట్ట బద్దీలుగా అమ్మేవాళ్ళు. ఒక్కో బద్దీ మీద వరసగా కొన్ని బొమ్మలు. కొన్న పిల్లవాడు ఇంటికెళ్ళి కత్తెరతో విడదీసుకునేవాడు. చాలావాటి మీద కంపెనీ పేరుండదు, సంవత్సరం ఉండదు, వెనక వైపంతా ఖాళీ. బొమ్మ కింద ఉన్న పేరు కూడా ఒక్కోసారి తప్పే!

అసలు ఈ కార్డుల పుట్టుకే ఒక పక్కదారి వ్యవహారం. 1880ల్లో సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల అట్టముక్క పెట్టేవాళ్ళు. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద బొమ్మ వేశారు. బొమ్మల కోసం జనం అదే బ్రాండు కొనడం మొదలెట్టారు. తర్వాత మిఠాయిలవాళ్ళు, బబుల్‌గమ్ములవాళ్ళు, రొట్టెలవాళ్ళు, చివరికి మాంసం ప్యాక్ చేసి అమ్మేవాళ్ళు కూడా అదే దారి పట్టారు. ఆ రోజుల్లో కార్డు సరుకు కాదు, సరుకుతో వచ్చే కొసరు. మన కూరగాయలాయన ఇచ్చే కరివేపాకు రెబ్బ లాంటిదన్నమాట. కరివేపాకు రెబ్బని ఎవరు దాచుకుంటారు?

ఇక అసలు విషయానికొద్దాం.

ప్రపంచంలో ఇప్పటిదాకా అందరి నోళ్ళలో నానిన కార్డుల్లో ఒకటి, 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ కార్డు. 2022 ఆగస్టులో దాని ప్రతి ఒకటి కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకం లెక్కన మన డబ్బుల్లో దాదాపు వంద కోట్లు. దీని వెనక ఒక కథ కూడా ఉంది. ఆ ఏడాది 407 కార్డుల సెట్టులో చివరి భాగం ఆలస్యంగా, సీజను అయిపోతుండగా కొట్లకు చేరింది. అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన పెట్టెలు ఏళ్ళపాటు గోదాములో చోటు తినేస్తుంటే, 1960లో పడవలో వేసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పారేశామని, ఆ కార్డుల రూపకర్త సై బెర్గరే తర్వాత చెప్పాడు.

కథ బాగుంది కదా! వినగానే "ఆహా, ఎంత అరుదో" అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. ఆ చివరి భాగంలో మాంటిల్‌దీ, ఇంకో ఇద్దరిదీ కలిపి మూడు కార్డుల్ని మిగతావాటికి రెట్టింపు సంఖ్యలో అచ్చేశారు. అంటే తన సొంత వరసలోనే మాంటిల్ కార్డు అరుదైనది కాదు. ఒక్క పి.ఎస్.ఎ. అనే గ్రేడింగు కంపెనీ లెక్కల్లోనే ఆ కార్డు వెయ్యికి పైగా ప్రతులున్నాయి. ఆ వంద కోట్లు పలికిన ప్రతి గొప్పదనం, అది డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా నిన్న అచ్చేసినట్టుండటం. మంచిదే. కానీ అది స్థితికి, పేరుకి పెట్టిన ధర. అరుదుకి కాదు.

మరి అరుదుకి కూడా ధర వస్తుంది కదా అంటారా? వస్తుంది, పేరు తోడైతే. 1914లో బాల్టిమోర్ న్యూస్ అనే పత్రిక తమ ఊరి చిన్న లీగు జట్టు ఆటగాళ్ళ కార్డులు వేసింది. అందులో అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని ఒక కుర్రాడున్నాడు, పేరు బేబ్ రూత్. ఇప్పటికి బయటపడ్డవి పది ప్రతుల దాకా. అందులో ఒకటి 2023 డిసెంబరులో డెబ్భై రెండు లక్షల డాలర్లు పలికింది. అదే సెట్టులో, అదే ఏడాది, అదే అట్ట మీద అచ్చయిన అతని జట్టువాళ్ళ కార్డులు కూడా అంతే అరుదు. వాటి ధర మాత్రం దాని దరిదాపులకు కూడా రాదు. అరుదులో తేడా లేదు, తేడా అంతా పేరులోనే.

నా గొడవ పేరున్న కార్డుల గురించి కాదు. వాటికేం, రాజభోగం. వాటిని బ్యాంకు లాకర్లలో పెడతారు, వాటి పుట్టుపూర్వోత్తరాలు పుస్తకాలకెక్కుతాయి. నా బాధ పేరులేనివాటి గురించి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1911 నుంచి 1938 దాకా జీనట్ అనే మిఠాయితో పాటు కార్డులొచ్చేవి. పాకం పట్టిన పేలాల్లాంటి మిఠాయి. పడమటి తీరంలో ఆడే పసిఫిక్ కోస్ట్ లీగు ఆటగాళ్ళ బొమ్మలు. కార్డు అడుగున ఒక కూపన్ ఉండేది. చింపి పంపిస్తే బహుమతి. పిల్లలు ఏం చేస్తారు? చింపుతారు! అందుకే కూపన్ చెక్కుచెదరకుండా ఉన్న కార్డు ఇవాళ కనిపిస్తే కళ్ళకద్దుకోవాలి. 1954లో విల్సన్ అనే కంపెనీ హాట్‌డాగ్ ప్యాకెట్లలో ఇరవై మంది ఆటగాళ్ళ కార్డులు పెట్టింది. మాంసం పక్కనే అట్టముక్క! నూనె మరకలేని కార్డు దొరకడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఇవన్నీ పుట్టుకతోనే తక్కువ. ఆపైన రెండో ప్రపంచయుద్ధంలో పాత కాగితాలన్నీ పోగుచేసి ఇమ్మని ప్రభుత్వం అడిగితే, జనం దేశభక్తితో పెట్టెలకు పెట్టెలు ఇచ్చేశారు.

"సరే, ఎప్పుడూ తక్కువే కదా, ఇప్పుడు కొత్తగా వచ్చిన కరువేంటి?" అని మీరడగొచ్చు. నాకు కనబడుతున్న కారణాలు నాలుగు.

ఒకటి, అటకలు ఖాళీ అయ్యాయి. 1995లో ఈబే మొదలయ్యాక ఐదారేళ్ళలో అమెరికాలో అటకల మీదున్న అట్టపెట్టెలన్నీ కిందికి దిగాయి. నేను ఈ పిచ్చిలో పడ్డ కొత్తలో, వెతికితే ఏదో ఒకటి దొరికేది. ఇదేదో ఎప్పటికీ పారే కాలవ అనుకున్నాం. అది కాలవ కాదు, చెరువుకి పడ్డ గండి. గండి పడ్డ మొదటి రోజు కింద పొలాలన్నీ నీళ్ళే. తర్వాత తెలుస్తుంది.

రెండు, ఇలాంటివి కొనేవాడు మళ్ళీ అమ్మడు. మాంటిల్ కార్డు కొన్నవాడు ధర పెరగ్గానే అమ్ముతాడు, అందుకే అది చేతులు మారుతూ అందరికీ కనిపిస్తూ ఉంటుంది. ఇరవయ్యేళ్ళు వెతికి సెట్టులో ఆఖరి కార్డు పట్టుకున్నవాడు ఎందుకమ్ముతాడు? నాలుగు ప్రతులే ఉన్న కార్డు నలుగురి ఇళ్ళకు చేరిందంటే, బయటి ప్రపంచానికి అది లేనట్టే.

మూడు, గ్రేడింగు. కార్డుని ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. నకిలీల బెడద ఉన్నచోట ఇది అవసరమే, కాదనను. కానీ దీనివల్ల జరిగిందేంటంటే, డబ్బాలో ఉన్నదే కార్డు, డబ్బాలో లేనిది చెత్త అనే లెక్క వచ్చేసింది. కత్తెరతో వంకరగా కోసిన స్ట్రిప్ కార్డుకి ఏ అంకె వస్తుంది? ఒకటో, రెండో. చాలాసార్లు కార్డు ధర కంటే గ్రేడింగు ఖర్చే ఎక్కువ. కాబట్టి ఎవరూ చేయించరు. చేయించనివి లెక్కల్లోకి రావు. 2020, 2021లో ఇళ్ళల్లో కూర్చున్న జనమంతా కార్డుల మీద పడి, గ్రేడింగుకి కుప్పలు తెప్పలుగా పంపితే, పి.ఎస్.ఎ. 2021 వసంతంలో చాలా రకాల ఆర్డర్లు తీసుకోవడమే కొన్నాళ్ళు ఆపేసింది. ఆ వరదలో కొట్టుకొచ్చింది ఎక్కువగా మెరిసే కొత్త కార్డులే.

నాలుగు, ఇదే అన్నిటికన్నా పెద్దది. గుర్తుపట్టేవాళ్ళు పోతున్నారు. పేరు, సంవత్సరం ఏమీ లేని అట్టముక్కని చూసి "ఇది ఫలానా సెట్టు, ఈ నీలిరంగు రకం అరుదు" అని చెప్పాలంటే జీవితకాలం చూసుండాలి. అలా చెప్పేవాళ్ళకి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళు. వాళ్ళు పోతే ఆ కార్డు "పాత కార్డులు, రకరకాలు, నలభై" అనే లాటులో కలిసిపోతుంది. అంటే నాశనమవ్వకుండానే మాయమైపోతుంది. మన భాషలో చెప్పాలంటే, డేటా డిస్కులోనే ఉంటుంది, ఇండెక్సు పోతుంది.

ఈ వాదన విని మా ఆఫీసులో ఒక కుర్రాడు, తెలివైనవాడు, "అన్నా, ఎవరికీ అక్కర్లేనిదాన్ని అరుదైనదని ఎలా అంటాం? గిరాకీ ఉంటేనే కదా కొరత?" అన్నాడు. ఏమాటకామాటే, అందులో కొంత నిజముంది. ఎకనామిక్స్ పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. కానీ ఒక భాషలో మాటని చివరిగా వాడే మనిషి పోతే, మార్కెట్లో ఆ మాటకి గిరాకీ లేదు కాబట్టి నష్టమేమీ లేదంటామా? గిరాకీ లేకపోవడం వల్లే నష్టం ఎవరికీ కనబడటం లేదంటాం. నేనంటున్నది కూడా అదే.

ఇప్పుడు మా పెద్దాయన సంగతి చెప్పాలి. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే. పైన రాసిందంతా దాన్ని వాయిదా వెయ్యడానికే రాశానేమో కూడా.

ఆయన 2004లో రిటైరయ్యాడు. తర్వాత కూడా రెండు మూడు నెలలకోసారి కలిసి షోలకు వెళ్ళేవాళ్ళం. ఆయన దగ్గర స్ట్రిప్ కార్డులు ఒక పదిహేనొందల దాకా ఉండేవి. వాటికన్నా నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేవి ఆయన నోట్‌బుక్కులు. మూడు లావాటి రూళ్ళ పుస్తకాలు. ముప్ఫై ఏళ్ళుగా తను చూసిన ప్రతి కార్డూ అందులో రాసుకునేవాడు. ఏ సెట్టు, ఏ ఆటగాడు, ఏ రంగు, పేరులో తప్పుందా లేదా, ఎక్కడ చూశాడు, ఎవరి దగ్గరుంది. ఒక కార్డు పక్కన ఇలా ఉండేది: మూడు చూశాను, ఒకటి నాది, ఒకటి ఒహాయోలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర, ఒకటి 1988లో ఒక సంతలో, మూల ఎలుక కొట్టింది. ఇంకెక్కడా, ఏ పుస్తకంలోనూ, ఏ సైటులోనూ లేని సమాచారం అది.

2017లో ఒకసారి అన్నాడు. "నీకు స్కానింగూ డేటాబేసూ అన్నీ వచ్చు కదా. ఒక శనాదివారాలు వచ్చి కూర్చో, ఇదంతా కంప్యూటర్లో పెట్టేద్దాం. నా చేతిరాత నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు, నేనుండగానే అయిపోవాలి."

"తప్పకుండా. ఈ రిలీజు అయిపోగానే వస్తాను" అన్నాను.

మీరందరూ ఈ రంగంలోవాళ్ళే. ఏ రిలీజు తర్వాత ఏం వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రిలీజు తర్వాత ఇంకో రిలీజు వస్తుంది. ఆన్‌కాల్ వస్తుంది. ఇండియా ప్రయాణం వస్తుంది. రెండేళ్ళలో ఆయన కనీసం మూడుసార్లు గుర్తుచేశాడు. మూడుసార్లూ నేను "ఇదిగో వస్తున్నా" అనే అన్నాను.

2019 చలికాలంలో ఆయన పోయాడు.

పిల్లలిద్దరూ వేరే రాష్ట్రాల్లో ఉంటారు, మంచివాళ్ళు. ఇల్లు ఖాళీ చేసి అమ్మాలి. కార్డులు వేలం కంపెనీకి ఇచ్చారు. కాస్త పేరున్నవి గ్రేడింగు డబ్బాల్లోకి వెళ్ళి మంచి ధరే పలికాయి. మిగతావి లాట్లుగా ఎక్కడెక్కడికో పోయాయి. మూడు వారాల తర్వాత ఆయన కూతురు నాకు ఫోన్ చేసి, "నాన్న గుర్తుగా మీకేమైనా కావాలా?" అని ఎంతో మర్యాదగా అడిగింది.

"ఆ మూడు నోట్‌బుక్కులు ఇస్తే చాలు" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. "పాత పుస్తకాలా? కాగితాలన్నీ రీసైక్లింగుకి వేసేశాం కదా" అంది.

ఆమె తప్పేం లేదు. వాటి విలువ ఏమిటో ఆమెకి ఎవరు చెప్పారు? తెలిసిన మనిషి ప్రపంచంలో నేనొక్కణ్ణే, నేను రిలీజులో ఉన్నాను.

మొదట్లో చెప్పిన చీటీ ఉంది చూశారూ, ఆ పదకొండు పేర్లూ ఆ నోట్‌బుక్కుల్లోంచి నాకు గుర్తున్నవి. అందులో రెండు నేను వెతికిన ఏ జాబితాలోనూ లేవు. అవి నిజంగా ఉన్నాయా, ఆయన పొరబడ్డాడా, నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానా? చెప్పగల మనిషి లేడు. పదిహేనొందల కార్డుల్లో ఒక్కటి కూడా చిరగలేదు, కాలలేదు. అయినా ఏదో తగలబడిపోయినట్టే ఉంది నాకు.

అప్పుడే నేను జెఫర్సన్ బర్డిక్ గురించి శ్రద్ధగా చదివాను. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊళ్ళో ఒక విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో భాగాలు బిగించే కార్మికుడు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తిపాస్తులు లేవు. కీళ్ళవాతం చేతుల్ని వంకరలు తిప్పేసింది. ఆ చేతులతోనే దొరికిన ప్రతి రకం అచ్చుకార్డునీ పోగుచేశాడు. ఒక్క బేస్‌బాలే కాదు, పక్షులు, జెండాలు, సినిమా తారలు, ఏదైతే అది. 1939లో మొదటిసారి వాటన్నిటికీ ఒక కేటలాగు అచ్చేశాడు. ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి', పంతొమ్మిదో శతాబ్దంవాటికి 'ఎన్', స్ట్రిప్ కార్డులకు 'డబ్ల్యు' అని అక్షరాలు, పక్కన అంకెలు. ఇవాళ కోట్లు పలికే హోనస్ వాగ్నర్ కార్డుని అందరూ 'టి-206' అనడం ఆయన పెట్టిన పేరే. నిజం చెప్పాలంటే ఈ రంగానికి స్కీమా రాసినవాడు ఆయనే. ఎనభై ఏళ్ళు దాటినా ఎవరూ దాన్ని మార్చే సాహసం చెయ్యలేదు. మనం రాసిన స్కీమా ఎనిమిది నెలలు నిలిస్తే గొప్ప :-)

1947 నుంచి తన కార్డులన్నీ, మూడు లక్షలకు పైగా, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసే పని పెట్టుకున్నాడు. ఊరికే ఇచ్చి వదిలెయ్యలేదు. తనే కూర్చుని ఆల్బములలో ఒక్కొక్కటే అంటించాడు. పదిహేనేళ్ళ పైన పట్టింది. 1963 జనవరిలో చివరి కార్డు అంటించడం పూర్తయింది. రెండు నెలలకి, మార్చిలో చనిపోయాడు.

అంటించాడు అన్నాను, గమనించారా? జిగురుతో. ఇవాళ్టి గ్రేడింగు లెక్కన అవన్నీ పాడైపోయిన కార్డులే. అందులో ఒక వాగ్నర్ కూడా ఉంది. ఏ కలెక్టరుకి చెప్పినా గుండె పట్టుకుంటాడు. కానీ బర్డిక్‌కి కావలసింది ధర కాదు. ఏది దేని పక్కన ఉండాలో అది అక్కడ ఉండాలి, ఎవరొచ్చి అడిగినా చూపించగలగాలి, అంతే. నా లెక్కలో ఈ రంగంలో అందరికన్నా పెద్ద కలెక్టరు ఆయనే. కొన్నందుకు కాదు, రాసిపెట్టినందుకు.

ఇక మన గుంటూరు బడ్డీకొట్టు. మాటిచ్చాను కదా.

1987 రిలయన్స్ కప్పు నాటికి నాకు పదేళ్ళు. బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొంటే లోపల క్రికెటరు బొమ్మతో కార్డొచ్చేది. దాని మీద ఇన్ని పరుగులనో, ఇన్ని వికెట్లనో రాసుండేది. పోగుచేసి కొట్లో ఇస్తే ఏదో బహుమతి. జీనట్ కూపన్ కథే, ఊరు మారింది, అంతే. పరుగులు పూర్తయ్యేసరికి కార్డులు కొట్టువాడికి వెళ్ళిపోయేవి. మిగిలినవి నా జామెట్రీ బాక్సులో ఉండేవి. ఇంటర్‌కి హాస్టలుకి వెళ్ళాక ఒక దసరాకి ఇల్లు దులుపుతూ అమ్మ "ఈ చెత్తంతా ఎందుకురా" అని పాతపేపర్లవాడికి వేసేసింది. మీ ఇంట్లో వెయ్యలేదంటే నేను నమ్మను.

పెద్దాయన పోయిన తర్వాతి ఏడాది, మన కార్డుల గురించి ఎవరైనా ఎక్కడైనా పద్ధతిగా రాసిపెట్టారా అని వెతకడం మొదలెట్టాను. మొత్తం ఎన్ని కార్డులు, ఎవరెవరి బొమ్మలు, ఏ ఏడాది ఏవి మారాయి? జ్ఞాపకాలు బోలెడు కనిపించాయి. "అబ్బ, ఆ రోజులే వేరు" అనేవాళ్ళు వేలల్లో ఉన్నారు. వరసగా అంకెలేసిన పూర్తి జాబితా మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. మా స్కూలు వాట్సాప్ గ్రూపులో అడిగితే నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. నలుగురూ ఒట్టేసి మరీ చెప్పారు!

చివరికి విజయవాడలో మా బావ పాత ట్రంకుపెట్టెలో ఆరు కార్డులు బయటపడ్డాయి. "వీటికెంతొస్తుందోయ్?" అని ఫోన్ చేశాడు. "ఏమీ రాదు బావా. రెండు వైపులా ఫోటోలు తీసి పంపు, దాచిపెట్టు, పారెయ్యకు" అన్నాను. నాకు పిచ్చి ముదిరిందని అక్కతో అన్నాడట.

ఆ రాత్రే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఆరు వరసలు. ఆటగాడు, పరుగులు, రంగు, వెనక ఏముంది, ఎవరి దగ్గరుంది, ఎప్పుడు చూశాను. పెద్దాయన నోట్‌బుక్కులో ఉండే గళ్ళే అవి. ఇవాళ్టికి అందులో నలభై మూడు వరసలయ్యాయి. ఇంకోదాంట్లో, ఆయన దగ్గర నేను చూసిన స్ట్రిప్ కార్డుల్లో గుర్తున్నవన్నీ రాస్తున్నాను. అనుమానం ఉన్నచోట 'అనుమానం' అని కూడా రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. దొరకని కార్డుల కోసం ఏడవడం వల్ల లాభం లేదు. పోయిన అట్టని మళ్ళీ పుట్టించలేం. వంద కోట్ల కార్డుని కాపాడటానికి వంద కోట్లున్నవాడు ఉన్నాడు, దాని గురించి మనం బెంగ పెట్టుకోనక్కర్లేదు. మన చేతిలో ఉన్నది ఒక్కటే: ఉన్నవాటి సంగతి, తెలిసినవాళ్ళు బతికుండగానే రాసిపెట్టడం. దానికి డబ్బక్కర్లేదు, ఒక శనాదివారం చాలు. కార్డులే కానక్కర్లేదు. మీ ఇంట్లో తాతగారి సినిమా పాటల పుస్తకాలుండొచ్చు, స్టాంపులుండొచ్చు, నాన్నగారికి మాత్రమే తెలిసిన పాత గ్రామఫోను రికార్డుల వివరాలుండొచ్చు. వాటిని గుర్తుపట్టే మనిషి పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి.

రిలీజు అయ్యాక కాదు. ఈ శనివారం.